బుజ్జమ్మా, ఇంటర్వ్యూకి ఏ బూట్లేసుకుని వెళ్తున్నావ్?

బుజ్జమ్మా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. అదీ ఇదీ మాట్లాడి, ఇక పెట్టేస్తుందనగా, "ఇది డ్రైవర్ ఉద్యోగానికి అప్లై చేసిందిరా, ఇంటర్వ్యూకి పిలిచారంట, ఇంకా 12 రోజులుంది" అంది. ఆ తర్వాత ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు. మీ అమ్మ భయపడుతోందని గొంతులోనే తెలుస్తోంది, వద్దని నచ్చజెప్పమంటుందేమో అనుకున్నా, కానీ "నువ్వు చెప్పాల్సినవేవో దానికి చెప్పు, ఇందులో మాకేం తెలుసు" అని పెట్టేసింది. నాకు నిద్ర పట్టలేదు తల్లీ. 31 ఏళ్ళు స్టీరింగ్ పట్టుకున్నోడిని, మన ఇంట్లోంచి ఇంకొకళ్ళు ఆ సీట్లో కూర్చుంటారంటే, అదీ నువ్వు కూర్చుంటావంటే, ఎంత గర్వంగా ఉందో అంత గుబులుగానూ ఉంది. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావ్, మిగతా సగానికి "సరే మావయ్యా సరే మావయ్యా" అంటావ్, అందుకే కూర్చుని టైప్ చేస్తున్నా. పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదువు. ఇంటర్వ్యూ ముందు రోజు రాత్రి ఇంకోసారి చదువు.

తెలిసిన విషయాలు ముందు చెప్పేస్తా. అరగంట ముందే అక్కడుండు. కుదిరితే ముందు రోజే ఆ దారి ఒకసారి చూసి రా. ఫోన్ సైలెంట్‌లో పెట్టి బ్యాగులో వెయ్యి, చేతిలో వద్దు. సొంత పెన్ను తీసుకెళ్ళు, అక్కడ ఫారం నింపమంటారు. పాస్‌పోర్ట్ ఫోటోలు ఒక నాలుగు. అన్ని కాగితాలకీ రెండేసి జిరాక్స్‌లు. అన్నీ ఒక ఫైల్లో, అడిగింది అడిగినట్టు తీసి ఇచ్చేలా వరసలో పెట్టుకో. మంచినీళ్ళ సీసా ఉంచుకో. ఖాళీ కడుపుతో వెళ్ళకు, కళ్ళు మూతలు పడేంతగా తినీ వెళ్ళకు. అంతే, వీటి గురించి ఇంక మాట్లాడను.

ఇప్పుడు లైసెన్స్. చదవడం ఆపి, లేచి, నీ లైసెన్స్ తీసి చూడు. ఎన్నాళ్ళ వరకు ఉంది? ఇంటర్వ్యూ రోజుకి ఉంటే సరిపోదు, ఉద్యోగంలో చేరాక రెండు నెలలకే అయిపోయేలా ఉంటే ఇప్పుడే రెన్యువల్‌కి పెట్టి ఆ రసీదు కూడా ఫైల్లో పెట్టుకో. తర్వాత, దాని మీద ఏ రకం బండికి అనుమతి ఉందో చూడు, వాళ్ళు నడపమనే బండి అందులో ఉందా లేదా. కారుకి ఇచ్చిన లైసెన్స్‌తో పెద్ద బండి నడపడం కుదరదు, కొన్ని చోట్ల జీతానికి బండి నడపాలంటే వేరే అనుమతి కూడా కావాలి, ఆ సంగతి వెళ్ళే ముందే ఫోన్ చేసి అడుగు, అడిగితే చులకన అయిపోతామని అనుకోకు, కాగితాల గురించి ముందే అడిగే డ్రైవర్ అంటే వాళ్ళకీ మంచి అభిప్రాయమే. పేరు స్పెల్లింగ్ చూడు, లైసెన్స్‌లో ఒకలా, మిగతా గుర్తింపు కార్డుల్లో ఇంకొకలా ఉంటే అక్కడ తెల్లమొహం వేస్తావ్. ఫోన్లో ఫోటో ఉంది కదా అని ఒరిజినల్ ఇంట్లో వదిలేయకు.

ఒరిజినల్ చూపించు. కానీ అక్కడ వదిలేసి రాకు! ఇది నేను గట్టిగా చెప్తున్నా. "లైసెన్స్ మా దగ్గరుంచండి, వెరిఫికేషన్ అయ్యాక ఇస్తాం" అంటే జిరాక్స్ ఇచ్చి, ఒరిజినల్ మళ్ళీ పర్సులో పెట్టుకున్నాకే కుర్చీలోంచి లే. నాతో పనిచేసినోళ్ళలో లైసెన్స్ ఓనర్ దగ్గర ఉండిపోయి, జీతం సరిగ్గా ఇవ్వకపోయినా వేరే చోటికి వెళ్ళలేక ఇరుక్కుపోయినోళ్ళు ఇద్దరున్నారు. అలాగే యూనిఫాం కోసమనో డిపాజిట్ అనో ఉద్యోగం ఇచ్చే ముందే డబ్బు కట్టమంటే, దండం పెట్టి వచ్చేయ్. పనిచేస్తే వాళ్ళు మనకి ఇవ్వాలి.

మెడికల్ సర్టిఫికెట్ అడుగుతారేమో కనుక్కో, అడిగితే ముందే చేయించుకో, ఆఖరి రోజు పరుగులు పెట్టకు. కళ్ళజోడు విషయం నీకు ప్రత్యేకంగా చెప్పాలి. ఫోటో తీస్తున్నారంటే చాలు, తీసి దాచేస్తావ్ నువ్వు, నేను చూస్తూనే ఉన్నా. ఆ రోజు గుమ్మం దాటిన దగ్గర్నుంచి అది నీ మొహం మీదే ఉండాలి. నీ లైసెన్స్ మీద కళ్ళజోడుతోనే నడపాలని ఉంటే అది లేకుండా సీట్లో కూర్చోవడమే తప్పు. రెండోది, పాతదైనా పర్లేదు, నంబరు సరిపోతే బ్యాగులో వేసుకో. అద్దాలు శుభ్రంగా తుడుచుకుని వెళ్ళు, చీరకొంగుకో చొక్కా అంచుకో కాదు, మెత్తటి గుడ్డతో, గీతలు పడితే ఎదురుగా ఎండ కొట్టినప్పుడు ఏమీ కనపడదు.

నువ్వు ఆ షాపు వాళ్ళకి వ్యాన్ నడిపావ్ కదా 14 నెలలు, వాళ్ళ దగ్గర ఒక లెటర్ తీసుకో. "బాగా చేసింది, మంచి పిల్ల" అని రాస్తే లాభం లేదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ బండి, గేర్లదా ఆటోమేటిక్‌దా, రోజుకి సుమారు ఎన్ని కిలోమీటర్లు, రాత్రి పూట నడిపిందా, ఇవి ఉండాలి, కింద ఫోన్ నంబరు ఉండాలి.

ఇంక అసలు సంగతికి వస్తా. బూట్లు.

నవ్వకు. మీ అమ్మ ఫోన్ పెట్టేశాక నాకు మొదట వచ్చిన ఆలోచన నీ కాగితాల గురించి కాదు, నువ్వు కాళ్ళకి ఏం వేసుకుని వెళ్తావా అని. ఎందుకో చెప్తా, ఇది మీ అమ్మకి సగమే తెలుసు, మిగతా సగం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

నాకప్పుడు 23 ఏళ్ళు. సరుకు రవాణా చేసే ఒక పెద్ద కంపెనీ డ్రైవర్లని తీసుకుంటోందని తెలిసింది. నాకు ఉన్నవి అరిగిపోయిన గుడ్డ బూట్లు, ఎడమ దానికి బొటనవేలు దగ్గర చిరుగు. అవేసుకుని వెళ్తే గేటు దగ్గరే తిప్పి పంపేస్తారని నా భయం. నా స్నేహితుడి దగ్గర నల్ల తోలు బూట్లుండేవి, పెళ్ళికి కొనుక్కున్నాడు, మందం సోలు, అంచు బయటికి అంగుళంలో సగం వచ్చి ఉండేది, పాలిష్ చేస్తే మొహం కనపడేది. అవి అడిగి తెచ్చుకున్నా. నావి 8, అవి 9. ముందు భాగంలో కాగితం ఉండచుట్టి కుక్కి, తాళ్ళు బిగించి కట్టుకుని అటూ ఇటూ నడిచి చూసుకున్నా, బానే ఉంది అనిపించింది. నడవడానికి బానే ఉంటుంది బుజ్జమ్మా, పెడల్ మీద కాలు పెట్టినప్పుడు కదా తెలిసేది. అది చూసుకోలేదు.

మాటల ఇంటర్వ్యూ బాగా జరిగింది. తర్వాత వెనక యార్డులో వ్యాన్ టెస్ట్. టెస్ట్ తీసుకునే పెద్దాయన పక్క సీట్లో కూర్చున్నాడు, జుట్టంతా తెల్లగా, ఎక్కువ మాట్లాడడు. రెండు డ్రమ్ముల మధ్యకి రివర్స్ చేయమన్నాడు, చేశా. గేట్ దాకా వెళ్ళి తిరిగి రమ్మన్నాడు, వచ్చా. ఆఖరిది, ఖాళీ పెట్టెలు పేర్చి ఉన్న గోడ దగ్గరికి మెల్లగా వెళ్ళి ఆపమన్నాడు. అంతే, అయిపోయినట్టే. అక్కడ లోడింగ్ కుర్రాడు ఒకడు, పదహారేళ్ళుంటాయేమో, పెట్టెలకి ఆనుకుని సీసా ఎత్తి నీళ్ళు తాగుతున్నాడు. నేను బ్రేక్ మీద కాలు వేశా. వేశాననుకున్నా. ఆ సోలు అంత మందంగా ఉంటే కాలి కింద ఏముందో తెలీదు, కాలు పడ్డది సగం బ్రేక్ మీద, బయటికి వచ్చిన ఆ అంచు యాక్సిలరేటర్ మీద. ఆ రెంటి మధ్య సందు మహా అయితే నాలుగు వేళ్ళు పడుతుంది. ఇంజిన్ ఒక్కసారి గుర్రుమంది. ఆగట్లేదని ఇంకా గట్టిగా తొక్కా, గట్టిగా తొక్కితే రెండూ కలిసి కిందికి వెళ్తాయి కదా, బండి ముందుకి దూకింది. కాలు వెనక్కి లాగుదామంటే ఆ అంచు బ్రేక్ పెడల్ కిందికి దూరి ఇరుక్కుంది.

పెద్దాయన నన్ను ఒక్క మాట అనకుండా హ్యాండ్ బ్రేక్ లాగాడు, తాళం తిప్పి ఇంజిన్ ఆపాడు. బండి పెట్టెలకి తగిలి ఆగింది. పైవి నాలుగైదు కింద పడ్డాయి. కుర్రాడు చివరి క్షణంలో పక్కకి గెంతాడు. వాడి చేతిలోంచి పడ్డ సీసా దొర్లుకుంటూ వచ్చి బండి ముందు చక్రం దగ్గర ఆగింది, మూత లేదు, నీళ్ళు బుడుక్ బుడుక్ మంటూ కారుతున్నాయి. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతుంది. ఇన్నేళ్ళలో ఎన్నో చూశా రోడ్ల మీద, నిద్రలో ఉలిక్కిపడి లేచేది మాత్రం ఆ సీసా గుర్తొచ్చే.

ఇంతవరకు మీ అమ్మకి తెలుసు. మిగతాది విను. పెద్దాయన దిగి నా వైపు తలుపు తీశాడు. నాకు ముచ్చెమటలు పట్టాయి, నోరు పిడచకట్టుకుపోయింది. ఆయన నా మొహం చూడలేదు, కాళ్ళ వైపు చూశాడు. "బూట్లు నీవేనా?" అన్నాడు. "నావే సార్" అన్నా. ఎందుకన్నానో తెలీదు. అరువు తెచ్చుకున్నా అంటే పరువు పోతుందనుకున్నా. అప్పటికే ఒక పిల్లాడి మీదికి బండి పోనిచ్చా, ఇంకా పరువేంటి? ఆయన "సైజెంత?" అన్నాడు. "ఎనిమిది సార్". ఆయన కిందకి వంగి, నా కుడి బూటు మడమ పట్టుకుని కొంచెం లాగాడు, తాళ్ళు విప్పకుండానే జారిపోయి ఆయన చేతిలోకి వచ్చేసింది. లోపలి కాగితం ఉండ కింద పడింది. సోలు తిప్పి అంకె చూశాడు. మళ్ళీ నా కాలి దగ్గర పెట్టి, "లోపలికి వెళ్ళి నీ ఫైల్ తీసుకో బాబూ" అన్నాడు. అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని చాలా ఏళ్ళు అనుకున్నా.

ఆ తర్వాత 11 నెలలు నేను స్టీరింగ్ ముట్టుకోలేదు. ఎవరూ వద్దనలేదు, నాకే కాలు వణికేది. లోడింగ్ పనికి వెళ్ళా, ఆ కుర్రాడు చేసే పనే. మళ్ళీ ఎలా ఎక్కానో తెలుసా? మీ అమ్మ వల్ల. తనకి అప్పుడే కొత్తగా ఉద్యోగం, మొదటి జీతం చేతికి రాగానే నన్ను షాపుకి లాక్కెళ్ళి నిలబెట్టి, రెండు కాళ్ళూ కొలిపించి, పల్చటి రబ్బరు సోలున్న గుడ్డ బూట్లు కొనిచ్చింది. "నీవి నువ్వు వేసుకుని వెళ్ళు, రాకపోతే పోయింది" అంది. అవి వేసుకుని ఆగి ఉన్న బండిలో కూర్చుని, ఇంజిన్ ఆఫ్‌లో, కళ్ళు మూసుకుని, బ్రేక్, యాక్సిలరేటర్, బ్రేక్, అలా కొన్ని వందల సార్లు చేశా. తర్వాత ఇంకో చోట ఉద్యోగం వచ్చింది.

అందుకే బూట్లు. పల్చటి సోలు ఉండాలి, కింద పెడల్ ఎంత నొక్కుతున్నావో పాదానికి తెలియాలి, కానీ మరీ కాగితంలా ఉంటే గట్టిగా తొక్కేటప్పుడు నొప్పి పుడుతుంది. అంచు బయటికి రాకూడదు. మడమ వెనక నుంచి పట్టి ఉంచాలి, అందుకే చెప్పులు వద్దు, జారి పెడల్ కిందకి వెళ్తాయి, హీల్స్ అసలే వద్దు. సోలు కింద తడి ఉంటే జారుతుంది, వాన పడుతుంటే ఎక్కే ముందు తుడుచుకో. తాళ్ళు పొడవుగా వేలాడకుండా లోపలికి దోపుకో. కొత్తవైతే కనీసం వారం వేసుకుని నడిపి చూశాకే వెళ్ళు. ఒకవేళ బస్సుకో పెద్ద బండికో సంబంధించిన ఉద్యోగమైతే సేఫ్టీ బూట్లు కావాలా అని ముందే కనుక్కో, వేళ్ళ దగ్గర ఇనుప టోపీ ఉన్నవి కొన్ని చోట్ల తప్పనిసరి, అవి బరువు, అలవాటు లేకుండా టెస్ట్‌కి వేసుకెళ్ళకు, ముందే తొడుక్కుని నాలుగు రోజులు నడుపు.

బట్టల గురించి చెప్పాలంటే, పెళ్ళికి వెళ్ళినట్టూ వద్దు, ఇంట్లో ఉన్నట్టూ వద్దు. కాలరున్న చొక్కా, ముదురు రంగు ప్యాంటు, రెండూ ఇస్త్రీ చేసినవి. ముదురు రంగు ఎందుకంటే టైరు చూడమని కిందకి వంగమంటారు, మోకాలు నేలకి ఆనుతుంది. వేసుకున్నాక ఇంట్లో గొంతుక్కూర్చుని లేచి చూడు, తర్వాత ఒక కాలు ఎత్తైన మెట్టు మీద పెట్టి ఎక్కి చూడు, ఎక్కడైనా పట్టేస్తే అది మార్చెయ్. ప్యాంటు అంచులు మడమ కిందకి రాకూడదు. వేలాడేవి ఏవీ వద్దు, చున్నీ గాని స్కార్ఫ్ గాని, గేరు రాడ్‌కి చుట్టుకోవడం నేను కళ్ళారా చూశా. జుట్టు వెనక్కి కట్టేసుకో, అద్దం చూడ్డానికి తల తిప్పినప్పుడల్లా చెవి మీంచి తీసుకుంటూ ఉంటే పక్కనోళ్ళు అదే గమనిస్తారు. గాజులు, కడియాలు ఆ ఒక్క రోజు తీసేయ్, వాచీ ఉంచుకో. సెంటు కొట్టుకోకు, అద్దాలు మూసిన క్యాబిన్లో అది పక్కనున్నోళ్ళకి తలనొప్పి తెప్పిస్తుంది. నల్లద్దాలు బ్యాగులో ఉండనీ, ఎండలో నడపమంటే పెట్టుకో, మాట్లాడేటప్పుడు తీసేయ్. ఆ నల్లద్దాలక్కూడా నీ కళ్ళ నంబరు ఉంటేనే సుమా.

ముందు రోజు రాత్రి నిద్ర. దీనికి ఎదురు చెప్పకు. నీకు రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూసే అలవాటుంది, మీ అమ్మ చెప్పింది, నేను అడక్కపోయినా చెప్పింది. వరసగా 17 గంటలు మేలుకుని ఉంటే మనిషి చురుకుదనం ఎంత పడిపోతుందంటే, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నప్పటి స్థితికి వస్తుందని పరిశోధనల్లో తేలింది. నిద్ర లేనోడి దగ్గర వాసన రాదు, అందుకే ఎవరూ పట్టుకోలేరు, బండే పట్టిస్తుంది. పొద్దున్న 6కి లేవాలంటే రాత్రి 10కి ఫోన్ పక్క గదిలో పెట్టేసి పడుకో. జలుబు చేస్తే మందుబిళ్ళ వేసుకునే ముందు ఫార్మసీలో అడుగు, జలుబు బిళ్ళల్లో చాలావాటికి మత్తు వస్తుంది.

టెస్ట్ గురించి. తాళం చేతికిచ్చారు కదా అని వెళ్ళి సీట్లో కూర్చోకు. బండి చుట్టూ ఒక రౌండ్ వెయ్యి. హడావిడిగా కాదు, నిజంగా చూస్తూ. టైర్లలో గాలి, పక్క గోడల మీద ఉబ్బులు, కోతలు, గాడి ఎంత మిగిలింది, కారు టైరుకి చాలా దేశాల్లో 1.6 మిల్లీమీటర్ల కంటే తక్కువుంటే రోడ్డెక్కకూడదు. కింద నేల మీద నూనె చుక్కలున్నాయా. లైట్లు, ఇండికేటర్లు, వెనక బ్రేక్ లైటు వెలుగుతోందో లేదో ఎవరినైనా నిలబెట్టి చూడమని అడుగు. వైపర్లు, అద్దాలు. తర్వాత ఎక్కి, ముందు సీటు, ఆ తర్వాత అద్దాలు, ఆ తర్వాత బెల్టు, ఈ వరస మార్చకు, సీటు జరిపితే అద్దాలు మళ్ళీ సర్దాలి కదా. క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. వీపు సీటుకి ఆన్చి చెయ్యి చాస్తే మణికట్టు స్టీరింగ్ పైభాగానికి అందాలి. పాదం కింద మ్యాట్ జరిగి పెడల్ దగ్గరికి వచ్చిందేమో వంగి చూసుకో. ఖాళీ సీసా ఏదైనా దొర్లుతుంటే తీసి పక్కన పెట్టు. తప్పకుండా తీసెయ్. ఎయిర్ బ్రేకుల బండి అయితే గేజ్‌లో ప్రెషర్ సరిపడా ఎక్కేదాకా కదలకు, ఎవరు తొందరపెట్టినా సరే.

తొందరపెడతారు కూడా. కొందరు కావాలనే చేస్తారు, కంగారు పడతావేమోనని. "త్వరగా పోనీ, లేటవుతోంది" అంటారు. నువ్వు "సరే సార్" అని, నీ స్పీడులోనే వెళ్ళు. ముందు బండికి కనీసం రెండు సెకన్ల దూరం, వానలో నాలుగు. స్పీడు రెట్టింపైతే బండి ఆగే దూరం ఎంత పెరుగుతుందని అడగొచ్చు, రెట్టింపు అనకు, బ్రేక్ వేశాక పట్టే దూరం 4 రెట్లవుతుంది. మధ్యలో నీ ఫోన్ మోగితే దాని వైపు కన్ను కూడా పోనివ్వకు. 60 స్పీడులో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది, రెండు సెకన్లు స్క్రీన్ చూస్తే 33 మీటర్లు గుడ్డిగా నడిపినట్టే. రివర్స్‌లో వెనక ఏముందో అనుమానమొస్తే ఆపి దిగి చూడు. దిగితే చేతకానిదనుకుంటారని నీ బెంగ, నాకు తెలుసు. నేను 31వ ఏడు కూడా దిగి చూశా.

ఇప్పుడు ఒకటి అడుగుతా, కోపం తెచ్చుకోకు. పోయిన ఏడాది షాపు వ్యాన్ రివర్స్ చేస్తూ ఆగి ఉన్న కారు తలుపుకి గీత పెట్టావ్ కదా, అది చెప్పొద్దని అనుకుంటున్నావంట. "చిన్నదే కదా, ఎవరికి తెలుస్తుంది" అన్నావంట మీ అమ్మతో. ఎంత బాధేసిందో తెలుసా నాకు? పైన రాసిందంతా మళ్ళీ చదువు, "నావే సార్" అన్న దగ్గర. వాళ్ళు "ఎప్పుడైనా యాక్సిడెంట్ అయ్యిందా" అని అడుగుతారు, ప్రతి చోటా అడుగుతారు. అప్పుడు ఇలా చెప్పు: "ఒకసారి రివర్స్‌లో పక్క కారుకి గీత పడింది సార్, ఓనర్‌తో నేనే మాట్లాడి బాగు చేయించా, అప్పట్నుంచి ఇరుకు చోట దిగి చూశాకే రివర్స్ చేస్తున్నా". అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువొద్దు, తక్కువొద్దు. ఆ ఓనర్ కోసం నువ్వు గంటన్నర అక్కడే నిలబడ్డావని కూడా మీ అమ్మే చెప్పింది, వెళ్ళిపోవచ్చు, వెళ్ళలేదు. ఆ పిల్లనే రా తల్లీ వాళ్ళు ఉద్యోగంలోకి తీసుకోవాల్సింది, ఆ పిల్లని దాచిపెట్టి ఇంకెవరినో తీసుకెళ్తావేంటి?

వాళ్ళు అడగడం అయ్యాక నువ్వూ అడుగు. రోజుకి ఎన్ని గంటలు, రాత్రి డ్యూటీలు ఎన్ని, మధ్యలో ఎక్కడ ఆగొచ్చు, బండి దారిలో ఆగిపోతే ఎవరికి ఫోన్ చేయాలి, అర్ధరాత్రైనా ఎత్తుతారా, బండికి ఇన్సూరెన్స్ ఎలా ఉంది, చలానా పడితే ఎవరు కడతారు. బాత్రూమ్ సంగతి కూడా అడుగు, సిగ్గుపడకు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా రోడ్డు మీద ఉండే మనిషికి అది చిన్న విషయం కాదు, నీకైతే అస్సలు కాదు. వీటికి విసుక్కునే చోట ఉద్యోగం వచ్చినా వద్దు. ఇంకోటి వస్తుంది.

నీకు గుర్తుందో లేదో, ఆరేళ్ళప్పుడు ఆగి ఉన్న నా బండిలో డ్రైవర్ సీటెక్కి కూర్చున్నావ్. స్టీరింగ్ మీంచి నీ తల కూడా కనపడట్లేదు. పక్క అద్దంలోకి చూసి "మావయ్యా, ఇందులో అమ్మ చిన్నగా కనపడుతోంది, దూరంగా ఉందా?" అన్నావ్. లేదమ్మా, అద్దంలో కనపడే దానికన్నా దగ్గర్లోనే ఉంటుంది అని చెప్పా. వెంటనే తల బయటికి పెట్టి మళ్ళీ చూసి, నిజమే అన్నావ్. అద్దాన్ని నమ్మకుండా తల తిప్పి చూసుకున్నావ్ ఆరేళ్ళకే. ఆ రోజే మీ అమ్మతో అన్నా, ఇది బండి నడుపుతుందే అక్కా అని. తను నన్ను కసిరింది.

నేను ఆ రోజు వెంట వస్తానని చెప్పను, రాకూడదు కూడా, ఎవరినైనా వెంటబెట్టుకుని వెళ్తే అక్కడ బాగోదు. బయటికొచ్చాక మొదటి ఫోన్ మీ అమ్మకి చెయ్యి, రెండోది నాకు.

ఇంకా 11 రోజులుంది కాబట్టి బూట్లు నేను కొని పంపిస్తా, వద్దనకు. రేపటికల్లా ఆర్డర్ పెడితే వేసుకుని అలవాటు చేసుకోవడానికి వారం పైనే దొరుకుతుంది. సాయంత్రం పూట, కాళ్ళు కొంచెం ఉబ్బి ఉంటాయి కదా అప్పుడు, గోడకి మడమ ఆన్చి కాగితం మీద నిలబడి రెండు కాళ్ళూ విడివిడిగా గీసి కొలువు, రెండూ ఒకేలా ఉండవు, పెద్ద దాని కొలతే పంపు. ఆ కాగితం ఫోటో తీసి ఈ రాత్రికే పెట్టు.

మావయ్య